కృష్ణాజినం కొనవచ్చునా?



ఉపనయన ముహూర్తాలు సమీపించినప్పుడు మన చింతలపూడి పరిసర గ్రామాల గృహస్థులు అడిగే ప్రశ్న ఒకటున్నది. "గురువుగారూ, వటువుకు అసలైన జింకచర్మమే కావాలా? ఎంతైనా పెట్టి తెప్పిస్తాము" అంటారు. జపానికి పులిచర్మం కావాలనేవారు, దానిని ఆలయానికి కానుకగా ఇస్తామనేవారు కూడా ఉన్నారు. వారి శ్రద్ధ శ్లాఘనీయమే. అయితే ఆ శ్రద్ధ ఒక ప్రాణి మరణానికి మూల్యం చెల్లించరాదు కదా!

ముందుగా పూర్వపక్షం విందాము. మనుస్మృతి ద్వితీయాధ్యాయం బ్రహ్మచారికి అజినాన్ని విధించింది. భగవద్గీత ఆరవ అధ్యాయంలో ధ్యానాసనానికి దర్భ, అజినం, వస్త్రం చెప్పబడినవి. కనుక చర్మం శాస్త్రవిహితమే గదా అంటారు. నిజమే. కాని ఆ మనుస్మృతియే పంచమాధ్యాయంలో మాంసాన్ని గురించి చెబుతూ, చంపినవానితోబాటు అనుమతించినవానిని, కొన్నవానిని, అమ్మినవానిని, వండి వడ్డించినవానిని, తిన్నవానిని కూడ ఘాతకులలోనే లెక్కించింది. ఆ న్యాయం చర్మానికీ వర్తిస్తుంది. కొనేవాడు లేనినాడు వేటగాడు ఉచ్చు పన్నడు.

"ఇది తానుగా చచ్చిన జింకదే" అని అమ్మకందారు నమ్మబలుకవచ్చు. చర్మాన్ని చూచి మరణకారణం తెలుసుకొనే ఉపాయం మనకు లేదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిలో సహజంగా మరణించిన రక్షిత మృగం సైతం ప్రభుత్వ సొత్తే. కృష్ణజింక, పులి ఆ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నవి. వాటి చర్మవ్యాపారానికి మూడేండ్లకు తగ్గని కారాగారశిక్ష ఉన్నది. మన పెద్దలు ఇర్రి అని పిలిచిన ఆ కృష్ణజింకయే నేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. కొల్లేటి గూడబాతులకు 1999లో అభయారణ్యం ఏర్పడినదీ ఈ చట్టం క్రిందనే. తాతలనాటి చర్మం ఇంట ఉన్నవారు అటవీశాఖ అధికారులను సంప్రదించాలి. దానిని అమ్మరాదు, ఆలయానికి కానుకగానూ ఇవ్వరాదు.

మరి కర్మలోపం రాదా? ఈ సంశయానికి మీమాంసాశాస్త్రంలోనే మార్గమున్నది. జైమినిమహర్షి సూత్రాలలో ఆరవ అధ్యాయం ప్రతినిధి ద్రవ్యాలను విచారించింది. సోమలత దొరకనప్పుడు పూతికతో యాగం నడిపించిన సంప్రదాయం మనది. ధర్మమార్గాన లభించని ద్రవ్యం లభించనిదానితో సమానమే అని నా అభిప్రాయం. దర్భాసనం ఉన్నది, ఉన్ని కంబళి ఉన్నది. బ్రహ్మచారి వస్త్రాలలో ఉన్నిని మనువే చెప్పాడు. మీ పురోహితునితో ముందుగా మాట్లాడి నిర్ణయించుకొనండి. ఉపనయనానికి ప్రాణం గాయత్రీ ఉపదేశం.

ఏది కొనవచ్చునో తెలుసుకొనడానికి ఒక్క ప్రశ్న చాలు: ఇచ్చిన ప్రాణి ఇచ్చిన తరువాత బ్రదికి ఉన్నదా? బొచ్చు కత్తిరించిన గొర్రె మళ్ళీ మందలో చేరి మేస్తుంది, కనుక గొంగళి నిర్దోషం. టిబెట్ పీఠభూమిలోని చిరు అనే మృగాన్ని మాత్రం చంపియే ఉన్ని తీస్తారు. షాతూష్ అనే ఖరీదైన శాలువ దానితో నేసినదే. సన్మానాలకు శాలువలు కొనే దాతలు ఈ పేరు గుర్తుంచుకొనాలి. మింక్, నక్క మొదలైన జంతువుల బొచ్చుతోళ్ళ దిగుమతిని మన దేశం 2017లో నిషేధించింది.

ఈ ప్రశ్న పట్టుబట్ట దగ్గరకూ వస్తుంది. దాటవేయడం న్యాయం కాదు. పట్టుగూళ్ళను సాధారణంగా లోని పురుగుతో సహా వేడినీట ఉడికించి దారం తీస్తారు. చిలుక వెలికి వచ్చిన తరువాతి గూళ్ళతో నూలు వడికి నేసే అహింసా పట్టును ఆప్కో ఉద్యోగి కుసుమ రాజయ్యగారు మన తెలుగునేలమీదనే రూపొందించారు. స్వామికి వస్త్రం సమర్పించదలచినవారు దానిని గాని, చక్కని నూలు వస్త్రాన్ని గాని ఎంచుకొనవచ్చును.

దానం చేసే చేయి శుద్ధమై ఉండాలంటే ద్రవ్యం వచ్చిన దారి కూడ శుద్ధమై ఉండాలి. ఈ మాసంలో ఉపనయనం తలపెట్టినవారు అంగడికి వెళ్ళేముందు ఇంటిల్లిపాదీ కూర్చుండి ఈ విషయం విచారించెదరుగాక.

శుభం భూయాత్.