కాగితపు ఆది

నోరుజారిన మాటయు, కత్తెర పడిన గుడ్డయు మరల మొదటి స్థితికి రావు. మాట తప్పినచో మన్నింపు వేడుకొనవచ్చును. గుడ్డ తప్పినచో వేడుకొనుటకు ఎవరును లేరు. చీర, ధోవతి మగ్గమునుండి దిగినవి దిగినట్లుగనే కట్టుకొను వస్త్రములు. వానికి కత్తెరతో పనిలేదు. చొక్కాయో, లాగో, గౌనో కుట్టవలసివచ్చినప్పుడే చిక్కు మొదలగును. చదునైన గుడ్డను గుండ్రని శరీరమునకు అమర్చవలెను. భుజము వాలు, చంక వంపు, మెడ చుట్టుకొలత, వీనిలో ఏ యొక్కటి అంగుళము తప్పినను కొన్న గుడ్డ వ్యర్థమగును.

అందుచేతనే మన యిండ్లలో రవిక కుట్టింపవలసినప్పుడు, సరిగా అమరిన పాత రవికను కొలతకై దర్జీకి ఇత్తురు. దానిని ‘ఆది’ అందురు. గుడ్డతో కాక పలుచని కాగితముతో చేసిన ఆది యొకటి, అమెరికా దేశమున లక్షలాది గృహిణుల చేతికి దర్జీ నేర్పును అందించెను. దాని కథ తెలిసికొందము.

పందొమ్మిదవ శతాబ్ది నడుమ అమెరికాలో స్త్రీల దుస్తులు, పిల్లల దుస్తులు చాలవరకు ఇంటనే తయారగుచుండెను. 1846వ సంవత్సరమున ఎలియాస్ హోవ్ అనునతడు కుట్టుయంత్రమునకు పేటెంటు హక్కు పొందెను. 1851లో ఐజక్ సింగర్ తాను మెరుగుపరచిన యంత్రమునకు అట్టి హక్కునే సంపాదించెను. చేతితో దినమంతయు కుట్టవలసిన చొక్కా, యంత్రముపై కొలది గంటలలోనే పూర్తియగుట సాధ్యమయ్యెను. కాని యంత్రము కుట్టునేగాని కత్తిరింపదు. కత్తిరించు విద్య దర్జీల సొత్తు. గురువు శిష్యునకు ఏండ్ల తరబడి చెంత నుంచుకొని నేర్పినదే ఆ విద్య. ఇంటి ఇల్లాలు పాత దుస్తు కుట్లు విప్పి, ఆ ముక్కలనే ఆదిగా పరచుకొని కత్తిరించుకొనెడిది. పత్రికలు కొన్ని నమూనాలను ప్రచురించుచుండెనుగాని, అవి సామాన్యముగా ఒకే కొలతకు సరిపోవునవి. ఆ కొలతకు చేరని వారు వానిని పెంచుకొనుటయో, తగ్గించుకొనుటయో చేయవలెను. అట్లు చేయగల నేర్పే యున్నచో నమూనాతో వారికి పనియేమి?

మసాచుసెట్సు రాష్ట్రమున స్టెర్లింగు అను చిన్న ఊరిలో ఎబెనేజర్ బటరిక్ అను దర్జీ యుండెను. అతని భార్య ఎల్లెన్ ఒకనాడు తమ పసిబిడ్డకు గళ్ల గుడ్డతో గౌను కుట్టదలచి, బల్లపై గుడ్డ పరచి సుద్దతో గీతలు గీయుచు, చెరుపుచు, విసిగిపోయెనట. పిల్లల వయస్సులకు తగిన వేరువేరు కొలతలలో నమూనాలు దొరకినచో ఎంత మేలని ఆమె అన్నదని చెప్పుదురు. ఆ మాట బటరిక్ మనస్సున నాటుకొనెను. అతడు మొదట మందపు అట్టతో నమూనాలు చేసిచూచెను. అవి మడచుటకుగాని, టపాలో పంపుటకుగాని వీలుపడలేదు. పిదప పలుచని కాగితముతో చేసెను. 1863లో ఆ కుటుంబమువారే కాగితములను కత్తిరించి, మడచి, అమ్మకమునకు పెట్టిరి. మొదట మగవారి చొక్కాలు, పిల్లల దుస్తులు, కొన్నియేండ్లకు స్త్రీల దుస్తులు వచ్చినవి. 1870లో జేమ్స్ మెకాల్ అను మరియొక దర్జీ న్యూయార్కు నగరమున ఇట్టి వ్యాపారమునే ప్రారంభించెను. ఆ శతాబ్ది ముగియకమునుపే ఈ కాగితములు సముద్రములు దాటి ఐరోపా నగరములకు చేరెను.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికాలోని ఒక పల్లె కుటుంబమును ఊహించుకొనుడు. తండ్రి సేద్యము చేయును. నలుగురు పిల్లలు. బడులు తెరచుదినము సమీపించుచున్నది. తల్లి అంగడిలో కొన్ని గజముల నూలుగుడ్డ కొన్నది. మరల కొనుటకు చేతిలో పైకము లేదు. ఆమె పత్రికలోని బొమ్మలు చూచి, తనకు కావలసిన దాని అంకెను వ్రాసి, 10 లేక 15 సెంట్లు టపాలో పంపును. పిల్లలకైనచో వయస్సును, తనకైనచో ఎదకొలతను, పావడాకైనచో నడుము కొలతను తెలుపవలెను. కొన్ని దినములలో ఒక కవరు వచ్చును.

కవరు విప్పినచో ఆమెకు కనబడునవి అక్షరములు లేని కాగితపు ముక్కలు. ఆనాటి నమూనాలపై గీతలుగాని, మాటలుగాని అచ్చువేయబడెడివి కావు. ముక్కలకు రంధ్రములు, అంచులందు చిన్న గాట్లు మాత్రముండెడివి. ఆ రంధ్రములే ఆ కాగితపు భాష. కొన్ని రంధ్రముల వరుసను గుడ్డ పడుగు దారము వెంబడి నిలుపవలెను. పడుగు తప్పి ఏటవాలుగా కత్తిరించినచో, ఉతికిన తరువాత ఆ దుస్తు ఒకవైపునకు సాగి వ్రేలాడును. మరికొన్ని రంధ్రములు మడత పెట్టవలసిన చోటును తెలుపును. అంచునందలి గాట్లు ఏ ముక్కను ఏ ముక్కతో చేర్చవలెనో చెప్పును. చేతిముక్కపై గాటు చంకభాగపు గాటుతో కలిసిననే చేయి సరిగా అమరును. మన శరీరపు కుడియెడమలు ఇంచుమించు సమానములగుటచే, నమూనాలో సగభాగమే యుండును. గుడ్డను రెండుమడతలు వేసి కత్తిరించినచో రెండవ సగము తానే వచ్చును.

తల్లి వెంటనే కత్తెర పట్టదు. మొదట ముక్కలన్నిటిని గుడ్డపై పరచును. పెద్దముక్కల నడుమ మిగిలిన సందులలో కాలరును, జేబును ఇమిడ్చి చూచును. ఒకసారి కుదరనిచో మరల మార్చి పేర్చును. ఈ పేర్పునందే పొదుపంతయు నున్నది. నేర్పుతో పేర్చినచో మిగిలిన గుడ్డ చిన్నదానికి ఒక టోపీ యగును. పిదప గుండుసూదులతో కాగితమును గుచ్చి, కొలతలు మరల సరిచూచి, అప్పుడు కత్తిరించును.

ఆమె యాలోచన ఆ సంవత్సరముతో ముగియదు. ఎదుగు పిల్లకు గౌను కుట్టునప్పుడు క్రింది అంచునకు పైన అడ్డమడతలు వేసి కుట్టును. పిల్ల పొడవైనకొలది ఒక్కొక్క మడత విప్పిన చాలును. తండ్రి పాతకోటు మోచేతులకడ చిరిగినచో, దాని కుట్లు విప్పి, లోపలివైపు పైకి వచ్చునట్లు త్రిప్పి, బాలుని నమూనా పరచి చిన్నకోటు కత్తిరించును. ఒక్క కాగితము అక్కకు, పిదప చెల్లెలికి, ఆ పిదప పొరుగింటివారికిని ఉపయోగపడును.

అయితే ఆ కాగితము సర్వజ్ఞ కాదు. అది సగటు శరీరమునకు గీసినది. ఒకరికి భుజములు వెడల్పు, మరియొకరికి నడుము పొట్టి. కాగితమును గుడ్డిగా నమ్మినవారికి దుస్తు అమరెడిది కాదు. వివేకముగలవారు తమ కొలతలతో సరిచూచి, అవసరమైనచోట కాగితమును చీల్చి పెంచుటయో, మడచి తగ్గించుటయో చేసి, పాతగుడ్డపై ముందుగా కుట్టి తొడిగి చూచుకొనెడివారు. మరియొక సత్యమును మరువరాదు. ఈ పనియంతయు వంట, పాడి, పిల్లల పోషణ ముగిసినపిమ్మట రాత్రులందు దీపపు వెలుగున స్త్రీలు చేసినది. వారి శ్రమకు కూలి లేదు. కుట్టు తెలిసినవారిలో కొందరు ఇరుగుపొరుగువారికి కుట్టియిచ్చి, ఆ సొమ్ముతో ఇల్లు గడుపుకొనిరి.

1920 ప్రాంతమున ఈ కాగితములకు మాటలు వచ్చినవి. మెకాల్ సంస్థ కాగితముపై గీతలను, సూచనలను అచ్చువేయసాగెను. బటరిక్ సంస్థ బొమ్మలతోకూడిన వివరణ పత్రమును జతపరచెను. రంధ్రముల భాష తెలియని బాలికయు ఇప్పుడు స్వయముగా కుట్టగలిగెను. 1927లో సింప్లిసిటీ అను సంస్థ 15 సెంట్ల ధరతో నమూనాలను అమ్ముటకు ప్రారంభించెను. 1929లో ఆర్థికమాంద్యము వచ్చిపడినపుడు పనులు పోయిన కుటుంబములకు ఇవి ఆదరువయ్యెను. పల్లెలలో తల్లులు పిండి, పశువులదాణా వచ్చిన నూలుసంచులను విప్పి, ఉతికి, వానిమీది అచ్చును పోగొట్టి, పిల్లలకు చొక్కాలు, గౌనులు కుట్టిరి. అది కనిపెట్టిన వ్యాపారులు పూలు, గళ్లు అద్దిన గుడ్డతోనే సంచులు కుట్టించసాగిరి. సంచిగుడ్డయైనను, నమూనాతో కత్తిరించి కుట్టిన గౌను తొడిగిన బాలిక బడిలో తలయెత్తుకొని కూర్చుండెను.

తరువాతి కాలమున కార్మాగారములలో తయారైన దుస్తులు చౌకయై, ఇంటి కుట్టు తగ్గినది. ఐనను దర్జీ తన విద్యను దాచుకొనక కాగితముపై పెట్టి అమ్ముటచే కలిగిన మేలు చిన్నది కాదు. ఒక్కని చేతిలోని నేర్పు ఎందరో తల్లుల చేతులకు చేరెను. బాలబాలికలారా! మీ యింట పాత వార్తాపత్రిక యుండును. సరిపోయిన చొక్కా యుండును. చొక్కాను పరచి, కాగితముపై దాని భాగములను గీచి, కత్తిరించి, జోడించి చూడుడు. కాగితము తప్పినచో నష్టము లేదు, మరియొకటి గీయవచ్చును. గుడ్డపై తప్పు జరుగకుండుటకే ముందుగా కాగితముపై తప్పులు చేయవలెను.