పెద్ద కటకమే మంచిదా?

జర్మనీలో చీకటివేళ అడవిపందులను వేటాడేవారు తుపాకీపై 8×56 స్కోపు అమర్చుకుంటారు. ఎదుట ఉన్నది పందో, మనిషో తెలియకుండా పేలిస్తే నిండు ప్రాణం పోతుంది కదా!

8 అంటే 8 రెట్లు పెద్దగా చూపుతుందని. 56 అంటే ముందు కటకం వ్యాసం 56 మి.మీ. అని. 56ను 8తో భాగిస్తే 7. కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు 7 మి.మీ. అన్నమాట. చీకట్లో యువకుల కనుపాప సుమారు అంతే విచ్చుకుంటుంది. పగలు 2, 3 మి.మీ.కు ముడుచుకుంటుంది. అప్పుడు పెద్ద కటకంతో బరువు, ఖర్చే మిగులుతాయి.

మన దేశంలో 1972 చట్టం వన్యప్రాణుల వేటను నిషేధించింది. అయినా బైనాక్యులర్‌కూ ఇదే లెక్క. పగటిపూట పులికాట్‌లో ఫ్లెమింగోలను చూడటానికి 8×30 చాలు. కొనేముందు భాగహారం చేయండి!