స్టాపర్ బ్యాక్‌గ ఆడే బిడ్డకు

మందమర్రి



కోల్‌కతాల ఒక చిన్న క్లబ్బు నిన్ను ఈ సీజన్‌కు రమ్మన్నదని మీ బాపు ఫోన్ చేసి చెప్పిండు. నాకు సంతోషమైంది గానీ, ఆయన గొంతుల సంతోషం లేదు. రెండేండ్లల్ల మూడు జట్లు మారినవట, ఒక్క దగ్గర నిలువనోడు రేపెట్ల బాగుపడతడని ఆయన రంది. నీ రంది వేరేనట. స్టాపర్ బ్యాక్‌గ వెనక నిలబడి గోల్ ఆపుతుంటే పేరు రాదు, ఫార్వర్డ్‌కు మారితేనే పెద్ద క్లబ్బులు చూస్తయని ఎవరో నీ చెవులేసిన్రట. ఫోన్ల చెప్తే సగం మాటలు గాలికి పోతయి, అందుకే రాస్తున్న. నిమ్మళంగ కూసొని చదువు.

ముందు జట్లు మారే సంగతి. హెన్రిక్ సెరెనో పేరు విన్నవా? పోర్చుగల్ డిఫెండర్. స్పెయిన్ సరిహద్దు పక్కన ఎల్వాస్ అనే చిన్న పట్నంల 1985ల పుట్టిండు. పోర్టో లాంటి పెద్ద క్లబ్బుల చేరిండు గానీ అక్కడ మైదానంల దిగింది తక్కువ. స్పెయిన్‌ల వాయడోలిడ్‌కు ఆడిండు, జర్మనీల కొలోన్‌కు, మైన్జ్‌కు ఆడిండు, తుర్కియేల కైసెరిస్పోర్‌కు ఆడిండు. ఈ ఊర్లల్ల ఎక్కడా పాతుకపోలేదు. ముప్పై దాటినంక 2016ల మన దేశమొచ్చి కోల్‌కతా జట్టుల చేరిండు. ఆ డిసెంబర్ 18న కొచ్చిల ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్. కేరళ జట్టు ఒక గోల్ ముందున్నది, స్టేడియం అంతా వాళ్ల పసుపు రంగు. ఫస్ట్ హాఫ్ అయిపోకముందే తలతోని కొట్టి స్కోరు సమం చేసింది ఈ డిఫెండరే. పెనాల్టీలల్ల కోల్‌కతా గెలిచింది. తర్వాతి సీజన్‌కు చెన్నైయిన్‌కు పోయిండు, కెప్టెన్‌గ. 2018 మార్చి 17న బెంగళూరు జట్టును వాళ్ల సొంత మైదానంల 3-2తో ఓడగొట్టి మళ్లా కప్పు ఎత్తిండు. ఈయన నిలకడ లేనోడని మీ బాపు అంటడా? ఊరు మారిన ప్రతిసారీ అక్కడి జట్టుకు ఈయన అక్కర ఉండబట్టే పిలిచిన్రు.

ఇట్ల తిరిగే హక్కు ఊరికె రాలేదు బిడ్డా. ఒకప్పుడు యూరప్‌ల ఒప్పందం ముగిసినా పాత క్లబ్బు పైసలడిగేది, అవి కట్టేటోళ్లు దొరుకకపోతే ఆటగాడు ఆగిపోవుడే. బోస్మాన్ అనే బెల్జియం ఆటగాడు కోర్టుల కొట్లాడి 1995 డిసెంబర్‌ల గెలిచిండు. ఒప్పందం అయిపోతే ఆటగాడు తన ఇష్టమున్న క్లబ్బుకు పోవచ్చని తీర్పు వచ్చింది. మామూలు ఆటగాళ్లకు దారి తెరిచింది ఆ తీర్పే.

దూరపు ముచ్చట ఎందుకు, మన సయ్యద్ నయీముద్దీన్‌ను చూడు. హైదరాబాద్ సిటీ పోలీస్ నుంచి వచ్చిన డిఫెండర్. కోల్‌కతాల ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడిండు. ఆ మూడు క్లబ్బుల అభిమానులకు ఒకరంటే ఒకరికి ఎంత పడదో అక్కడికి పోయినంక నీకే తెలుస్తది. అటువంటి చోట అందరి దగ్గరా మర్యాద సంపాదించుకున్నడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలల్ల దేశానికి కెప్టెన్ ఆయనే, కాంస్యం తెచ్చిండు. అదే ఏడు అర్జున అవార్డు, కోచ్ అయినంక 1990ల ద్రోణాచార్య అవార్డు వచ్చినయి. ఆ కాంస్యం తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌ల మన దేశానికి ఇంకో పతకం రాలేదు.

ఇగ ఫార్వర్డ్ ముచ్చట. 1962 జకార్తా ఫైనల్ కథ చెప్పి నిన్ను ఊరించేటోళ్లు ఉంటరు. మన హైదరాబాద్ రహీం సాబ్ అప్పుడు దేశానికి కోచ్. స్టాపర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డయి. రహీం సాబ్ ఆయనను సెంటర్ ఫార్వర్డ్‌గ దించిండు, ఆయన దక్షిణ కొరియా మీద గోల్ కొట్టిండు, మనం 2-1తో స్వర్ణం గెలిచినం. నిజమే. కానీ అది గాయపడ్డ మనిషిని అవసరానికి ముందట నిలబెట్టిన ఎత్తు. జర్నైల్‌ను ఈ దేశం యాదికి పెట్టుకున్నది స్టాపర్‌గనే. రహీం సాబ్‌కు కూడా అప్పటికే క్యాన్సర్, ఏడాది తిరుగకముందే 1963 జూన్‌ల పోయిండు. అంత నొప్పిల కూడా ఎవరిని ఎక్కడ నిలబెట్టాల్నో లెక్క తప్పలేదు. నీ కోచ్ నిన్ను వెనక నిలబెట్టిండంటే ఆయనకూ ఒక లెక్క ఉంటది.

బొగ్గుబాయిల పైకప్పు కూలకుండ ఆపే సపోర్ట్‌మన్ పనిని తలుచుకో. బొగ్గు ఎంత తీసిన్రని అందరూ అడుగుతరు, పైకప్పు ఎవరు నిలబెట్టిన్రని అడుగరు. అయినా ఆ మనిషి తన పని చేసి రానిదే ఎవరూ లోపలికి అడుగు పెట్టరు.

ఆట గురించి రెండు మాటలు. నేను మా బొగ్గు కంపెనీ జట్టుల ఫుల్‌బ్యాక్‌గ ఆడిన కాబట్టి చెప్తున్న. బెల్లంపల్లి తిలక్ స్టేడియంల, గోదావరిఖని నెహ్రూ స్టేడియంల నేను చూసిన మంచి డిఫెండర్లు కాలు కంటె ముందు నోరు వాడినోళ్లు. ‘ఎడమకు జరుగు’, ‘మనిషిని పట్టు’, ‘వదిలెయ్, ఆఫ్‌సైడ్’ అని తొంభై నిమిషాలు పిలుస్తనే ఉండేటోళ్లు. నువ్వు మైదానంల మూగోనివైతవు. అది పోవాలె. కోల్‌కతాకు పోయిన నాడే పది బెంగాలీ మాటలు నేర్చుకో, ఎడమ, కుడి, వెనక, ముందు, నాది, నీది. రెండోది, నీ ఎడమ కాలు ఇంకా మొద్దుగనే ఉన్నది. రోజూ గోడకు కొట్టు. మూడోది, అక్కడ లీగ్ నడిచేది వానకాలంల. మన మొరం గ్రౌండ్ మీద మోకాళ్లు చెక్కుకపోతయని భయపడి స్లైడింగ్ ట్యాకిల్ వెయ్యకుండ పెరిగినవు. అక్కడ బురద. పొడుగు స్టడ్స్ బూట్లు కొనుక్కో, పైసలు నేను పంపుత. బురదల ఎప్పుడు జారాల్నో, ఎప్పుడు నిలబడే ఆపాల్నో పాత ఆటగాళ్లను చూసి పట్టుకో.

అన్నిటికంటె పెద్దది కాగితం. జీతం ఎంత, ఏ తారీఖుకు ఇస్తరు, ఉండుడు తినుడు ఎవరి ఖర్చు, మోకాలు పోతే ఆపరేషన్ ఎవరు చేయిస్తరు, ఇవన్నీ రాతల ఉండాలె. పాత క్లబ్బు నుంచి విడుదల కాగితం తీసుకో. ఒప్పందం ఒక ప్రతి నీ దగ్గర ఉంచుకో. రెండు నెలల జీతం అన్యాయంగ ఆపితే, 15 రోజుల గడువుతోని రాసి నోటీసిచ్చి ఆటగాడు బయటపడొచ్చని ఫిఫా నియమమే ఉన్నది. ఆటగాళ్ల సంఘం కూడా ఉన్నది, 2006ల బైచుంగ్ భుటియా ముందుండి పెట్టిండు. చిన్న క్లబ్బులే కాదు, 2025ల ఐఎస్ఎల్ ఆగమైనప్పుడు పెద్ద క్లబ్బులు సైతం జీతాలు ఆపినయి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిల గోవాల కేరళను ఓడగొట్టి కప్పు తెచ్చింది, మనమందరం టీవీ ముందట ఎగిరినం. ఆ క్లబ్బు ఇప్పుడు మన దగ్గర లేదు, ఢిల్లీకి పోయింది. క్లబ్బును నమ్ముకొని చదువు విడువకు. డిగ్రీ ఆఖరి ఏడు పరీక్షలు రాయి. రైల్వేల, పోలీసుల స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ పడ్డనాడు సర్టిఫికెట్లు చేతిల ఉండాలె. ప్రతి టోర్నమెంట్ సర్టిఫికెట్ ఒక ఫైల్ల పెట్టు.

మీ బాపుతోని నేను మాట్లాడుత. మన నిజామాబాద్ తండా బిడ్డ గుగులోత్ సౌమ్య కేరళ క్లబ్బుకు ఆడి, 2022ల క్రొయేషియాల డైనమో జాగ్రెబ్‌కు పోయి, మళ్లొచ్చి ఈస్ట్ బెంగాల్‌కు ఆడిందని ఆయనకు చెప్త. ఆడపిల్లను వాళ్ల ఇంటోళ్లు అంత దూరం పంపిన్రు, కొడుకును కోల్‌కతాకు పంపనీకి ఈయనకు ఏం అడ్డమొచ్చింది?

నువ్వు పోవాలె బిడ్డా. స్టాపర్‌గనే పోవాలె. సంతకం పెట్టకముందు ఆ ఒప్పందం ప్రతి పేజీ ఫొటో తీసి నాకు పంపు. ఇక్కడ మనకు తెలిసిన వకీలు ఉన్నడు, చదివిస్త. ఆయన సరే అన్నంకనే పెన్ను పట్టు.

ఇట్లు
మీ పెద్దబాపు