లెక్కల సహాయము కోరునపుడు

ఖరగ్‌పూర్‌లోని పూరీ గేట్ వద్ద మీకొక దుకాణమున్నదనుకొందము. 1951లో స్థాపించబడిన ఐ.ఐ.టి. సమీపముననే ఉన్నది. గణాంక ప్రోగ్రాములు తెలిసిన విద్యార్థి యొకడు మీ అమ్మకాల పుస్తకమును కంప్యూటరులో విశ్లేషించుటకు ఒప్పుకొనెను. అతనిని ఏమని అడుగవలెను?

"ఈ లెక్కలు కొంచెం చూడు బాబూ" అన్న చాలదు. "నెలకెంత వాయిదా చెల్లించగలను?" అని స్పష్టముగా అడుగవలెను.

ఐదు రోజుల అమ్మకాలు రూ. 400, 450, 500, 550, 3,100 అనుకొందము. సగటు రూ. 1,000. కాని నాలుగు రోజులు అందులో సుమారు సగమే వచ్చినది. వరుసలో నడుమనున్న మధ్యగతము రూ. 500 మాత్రమే. ఐదవనాటిది పెండ్లివారి సరుకని మీరు చెప్పనిచో కంప్యూటరుకు తెలియదు. ఆ సగటును నమ్మి అప్పు చేసినచో వాయిదాలు తప్పును.

అమ్మకమంతయు ఆదాయము కాదు; సరుకు ఖరీదును వేరుగా వ్రాసియివ్వవలెను. అమ్మకము లేని రోజుకు సున్న వేయవలెను. వ్రాయ మరచిన రోజును ఖాళీగా విడువవలెను. రెండును ఒకటి కావు. ఖాతాదారుల పేర్లు ఇవ్వనక్కరలేదు.

ప్రయోగము ముగిసిన పిదప గణాంకవేత్తను పిలుచుట శవపరీక్ష వంటిదని 1938లో కలకత్తా గణాంక మహాసభలో రొనాల్డ్ ఫిషర్ హెచ్చరించెను. కావున క్రొత్త పుస్తకము తెరచుటకు ముందే సలహా అడుగుట మేలు.