చాటనూగాలో ఉన్న మనవరాలికి



"తాతయ్యా, ఇక్కడ నెట్టు కరెంటాఫీసు వాళ్లే ఇస్తారు" అని మొన్న నువ్వన్నప్పటి నుంచీ నాకు అదే ధ్యాస. ఆ కరెంటాఫీసు, ఈపీబీ, మీ ఊరి సొంత సంస్థ అనీ, 1935 నాటిదనీ, కేబుల్ కంపెనీలు కోర్టుకెక్కినా వెనక్కి తగ్గక, కరెంటు లైన్లను కనిపెట్టి చూసుకోవడానికి వేసిన ఫైబర్ మీదే 2010 కల్లా తన పరిధిలో ఎవరడిగినా గిగాబిట్ నెట్టు ఇచ్చిందనీ నువ్వు చెబుతుంటే, మన వీధికి కరెంటు వచ్చిన కొత్తరోజులు గుర్తొచ్చాయి తల్లీ. అప్పట్లో బల్బు వెలిగేది మనింట్లోనే, మీ నాయనమ్మ పొద్దుగూకగానే అరుగు మీద చాప పరిచి వీధి పిల్లలందర్నీ పిలిచి చదివించేది, మధ్యలో వేయించిన వేరుశెనక్కాయలు పెట్టేది. నీకూ ఆ బుద్ధే వచ్చింది. లాక్‌డౌన్లో నీ క్లాసు అవగానే, తన క్లాసు కోసం నీ ఫోను పట్టుకుని పక్కింటి చిన్నదాని దగ్గరికి పరిగెత్తేదానివి, ఎవరూ చెప్పకుండానే.

ఆ 2020లోనే మీ ఊళ్లో పేదపిల్లల ఇళ్లకు పదేళ్లపాటు ఉచితంగా నెట్టు ఇస్తామన్నారట, వినగానే కళ్లు చెమర్చాయి. వేగం సంగతి నాకంత పట్టదు గానీ, లాభం లేని సందులోకి కూడా తీగ లాగాలని ఊరే అనుకోవడం ఎంత బాగుంది! మన కోనసీమలో మోరికి కూడా 2016లో ఫైబర్‌నెట్ వచ్చింది, ఆ తీగలూ కరెంటు స్తంభాల మీదుగానే లాగారు, మొదట్లో నెలకు 149 రూపాయలకే నెట్టూ టీవీ ఫోనూ. అది రాష్ట్ర ప్రభుత్వం పని. ఎప్పటికైనా మన పంచాయతీలు కూడా మా ఊరి తీగ అని చెప్పుకుంటే చూడాలని ఉంది.

కరెంటిచ్చే హద్దు దాటి ఈపీబీ నెట్టు ఇవ్వకూడదని టెనెసీలో చట్టం ఉందన్నావు. హద్దుకు అవతల ఇల్లున్న నీ స్నేహితురాలు లైబ్రరీ మూసేదాకా అక్కడే కూర్చుని చదువుకుంటుందన్నావే, చీకట్లో ఒక్కతే కారు నడుపుకుంటూ వెళుతుందంటే నాకు బెంగగా ఉంది. ఆ పిల్లను ఆదివారాలు నీ గదికి రమ్మను, ఇంత అన్నం పెట్టు. నాయనమ్మ కందిపొడి దంచుతోంది, ఇద్దరికీ సరిపోయేలా పంపుతాను.

మీ తాతయ్య