14416కు ఫోన్ చేస్తే ఆఫీసుకు తెలియదు

నర్సీపట్నం లాంటి ఊళ్లో ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, బయటికొచ్చేసరికి తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఎదురై "ఏంటి, ఒంట్లో బాగోలేదా?" అని అడుగుతారు. జ్వరమని చెప్పి తప్పించుకోవచ్చు. మనసు బాగోలేదని చెప్పుకోవడమే కష్టం. సచివాలయ ఉద్యోగులు, అచ్యుతాపురం, పరవాడ ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, బట్టల కొట్టులో రోజంతా నిలబడే ఆడపిల్లలు, వాయిదాల వసూలుకు ఊళ్లు తిరిగే కుర్రాళ్లు... అందరి భయమూ ఒకటే. పైవాళ్లకు తెలిస్తే?

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు వైద్యుడు సుధాకర్ ఎన్95 మాస్కులు లేవని బహిరంగంగా మాట్లాడి సస్పెండయ్యారు. మే 16న విశాఖలో పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టిన వీడియోను దేశమంతా చూసింది. తర్వాత ఆయన్ని మానసిక వైద్యశాలకు పంపారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. మరుసటి ఏడాది మేలో ఆయన గుండెపోటుతో చనిపోయారు. ఆ కేసులో తప్పొప్పుల జోలికి వెళ్లను. ఉద్యోగి పేరు పక్కన 'మానసికం' అన్న మాట పడితే ఎలా ఉంటుందో మాత్రం ఈ ప్రాంతంలో చాలామందికి గుర్తుండిపోయింది. అందుకే ముందు ఈ తేడా తెలుసుకోవాలి: మీకై మీరు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి మాట్లాడితే మీ ఆఫీసుకు ఏ కాగితమూ వెళ్లదు.

ఆ హెల్ప్‌లైన్ పేరు టెలి మానస్. 2022 అక్టోబర్ 10న మొదలైంది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ దాన్ని నడిపించే ప్రధాన కేంద్రం. నంబరు 14416. అది కలవకపోతే 1800-891-4416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమనిపిస్తే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, లేదా ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెబుతారు. చావు ఆలోచనలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. నిద్ర పట్టకపోయినా, పనికి బయల్దేరుతుంటే గుండె దడదడలాడుతున్నా, మందు మానలేకపోతున్నా చేయొచ్చు.

చేసే ముందు ఒక జాగ్రత్త. ఆఫీసు ఇచ్చిన సీయూజీ సిమ్ నుంచి చేయకండి. దాని బిల్లు ఆఫీసుది. సొంత నంబరు వాడండి. ఇంట్లో ఫోన్ చూసే అలవాటు ఎవరికైనా ఉంటే మాట్లాడాక ఆ నంబరు తీసేయండి. ఇక చోటు సంగతి. ఏకాంతం కావాలని ఊరి బయటికో, చెరువు గట్టుకో ఒంటరిగా వెళ్లొద్దు. మనుషులు కనిపిస్తూ, మీ మాట వాళ్లకు వినిపించని చోటు చాలు. గుడి అరుగైనా సరే, బస్టాండులో ఓ మూల బెంచీ అయినా సరే.

మొదటి మాట రాకే చాలామంది ఫోన్ పెట్టేస్తారు. "మేడమ్, మనసు బాగోలేదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు" అంటే చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగొచ్చు, కంగారుపడకండి. నిజం చెప్పండి. చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణానికి ముప్పుందనిపిస్తే మాత్రం కాపాడటానికి అవసరమైనంత మేరకు బయటపెట్టొచ్చు. ఈ మినహాయింపు ముందే తెలిసుండటం మంచిది. పెట్టేసే ముందు రెండు అడగండి: మళ్లీ మీరు ఫోన్ చేస్తారా? దగ్గర్లో ఎవరికి చూపించుకోవాలి, ఏరియా ఆసుపత్రిలోనా, విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలకు వెళ్లాలా? అడక్కుండా విశాఖ దాకా వెళ్లొస్తే ఒక రోజు కూలి పోతుంది. అడిగి తేల్చుకుని వెళ్లడమే మేలు. అవతలివాళ్ల మాట మీకు నప్పకపోతే మర్నాడు మళ్లీ చేయండి. ఇంకొకరు ఎత్తొచ్చు.

కౌన్సెలర్ మీ అప్పు తీర్చలేరు, మీ సూపర్‌వైజర్ను మార్చలేరు. కష్టానికి మూలం లోన్ యాప్ బెదిరింపులైతే సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయాలి. బ్యాంకు వసూలు ఏజెంట్లు పొద్దున 8 గంటలకు ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఆ హద్దు ఉదయం 9, సాయంత్రం 6. మనసుకు సాయం, అప్పుకు ఫిర్యాదు రెండూ ఒకేసారి నడవాలి. ఒకటి తేలాక రెండోది చూద్దామనుకుంటే రెండూ మిగిలిపోతాయి.

పోలీసు కేసు భయం ఇంకా చాలామందికి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. అది తప్పని రుజువైతే తప్ప శిక్షించకూడదు. వాళ్లకు వైద్యం, సంరక్షణ అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

పక్క సీటులో పనిచేసే మనిషి తేడాగా ఉన్నాడనిపిస్తే టీ తాగుదాం రమ్మని పక్కకు పిలవండి. "చచ్చిపోవాలనిపిస్తోందా తమ్ముడూ?" అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకండి. మీ ఫోన్లోనే 14416 కొట్టి అతని చేతికివ్వండి. ఇంట్లో పురుగుమందులుంటే ఇంకొకరి ఇంటికి చేర్చండి. ఇప్పుడే ఏదైనా చేసుకునేలా ఉంటే, చేసుకుంటే, కౌన్సెలింగ్ కోసం ఆగకుండా 108కి గానీ 112కి గానీ చేయండి.

కొట్లు, కంపెనీలు నడిపేవాళ్లకు ఒక విన్నపం. హాజరు వేసే మిషను పక్కన, కార్మికులను తెచ్చే బస్సులో ఈ నంబరు తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి. ఎవరు ఫోన్ చేశారని మాత్రం వాకబు చేయకండి.