నమ్మిన ప్రోగ్రామును కంప్యూటరు నిలిపినప్పుడు

కళాశాలలో గాని, కార్యాలయంలో గాని కంప్యూటరు ముందు కూర్చున్నవారికి ఈనాడు తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉన్నది. వ్యాసాలు సిద్ధమై ఉంటాయి. ఉర్దూ లేక తెలుగు అక్షరాల కూర్పుకు ఏళ్ల తరబడి వాడుతున్న ప్రోగ్రామును కొత్త కంప్యూటరులో ఎక్కించబోతాము. వెంటనే నీలిరంగు హెచ్చరిక తెరపై నిలిచి పని సాగనివ్వదు. అట్టి సమయంలో పలువురికి తోచే ఉపాయం రక్షణ ఏర్పాట్లన్నింటినీ ఆపివేయడం. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం వంటిదే ఇది. నిలిపినది ఏ రక్షణ, నిలుపుటకు కారణమేమి అని మొదట తెలుసుకొని, ఆ ఒక్క ప్రోగ్రాముకు మాత్రమే దారి ఇవ్వడం సరైన పద్ధతి. విండోస్ కంప్యూటర్లను ఆధారం చేసుకొని ఆ పద్ధతిని ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

విండోస్‌లో కావలి కాసే ఏర్పాటు ఒక్కటి కాదు. వాటిలో ముఖ్యమైన నాలుగింటిని గుర్తుంచుకోవడం అవసరం.

మొదటిది స్మార్ట్‌స్క్రీన్. నీలిరంగు హెచ్చరిక దీనిదే. ఇంటర్నెట్ నుండి దించుకున్న ప్రోగ్రాముకు మంచి పేరున్నదా, దానిపై తయారీదారు డిజిటల్ సంతకం ఉన్నదా అని ఇది విచారిస్తుంది. గుర్తింపు లేని ప్రోగ్రాము అని ఇది చెప్పినప్పుడు 'దీనిని నేనెరుగను' అని మాత్రమే అర్థం. 'ఇది దొంగ' అని కాదు. కొద్దిమంది మాత్రమే వాడే ప్రోగ్రాములు దీనికి చిక్కడానికి కారణమిదే. ప్రోగ్రాము మంచిదని నిర్ధారణ అయిన పిమ్మట 'మోర్ ఇన్ఫో' నొక్కి, 'రన్ ఎనీవే' అనవచ్చును. దించుకున్న ఫైలుపై విండోస్ ఒక ముద్ర వేసి ఉంచుతుంది. ఫైలు 'ప్రాపర్టీస్'లో 'అన్‌బ్లాక్' అనుచోట టిక్కు పెట్టినచో ఆ ముద్ర తొలగిపోతుంది.

రెండవది డిఫెండర్ యాంటీవైరస్. ఇది ఎరుగనని చెప్పేది కాదు, నేరం మోపేది. విండోస్ సెక్యూరిటీలోని 'ప్రొటెక్షన్ హిస్టరీ'లో ఏ ఫైలును, ఏ పేరుతో పట్టుకున్నదో వ్రాసి ఉంటుంది. దానిని చదవకుండా 'అలౌ' అనరాదు. యాంటీవైరస్ కూడ అప్పుడప్పుడు పొరబడుతుంది. కనుక దాని సమాచారాన్ని తాజాపరచి, తయారీదారు నుండి కొత్త ప్రతిని తెచ్చుకొని మరల పరీక్షించాలి. అప్పటికీ సందేహం తీరకున్న ఫైలును పరిశీలనకై మైక్రోసాఫ్ట్‌కు పంపే వీలున్నది.

మూడవది 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్'. 2017 మే నెలలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము సుమారు 150 దేశాలలో కంప్యూటర్ల ఫైళ్లకు తాళం వేసి సొమ్ము అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాత పడినవి. అట్టి దాడుల నుండి ఫైళ్లను కాపాడుటకు ఆ సంవత్సరమే విండోస్ 10లో ఈ ఏర్పాటు చేరినది. మనంతట మనము ఆరంభిస్తేనే ఇది పని చేస్తుంది. దీని లక్షణం వేరు: ప్రోగ్రాము తెరుచుకుంటుంది, కాని డాక్యుమెంట్స్ ఫోల్డరులో దాచబోతే దాచనివ్వదు. అప్పుడు అనుమతి పొందిన ప్రోగ్రాముల జాబితాలో ఆ ఒక్కదానిని చేర్చితే చాలును.

నాలుగవది నిర్వాహకుని ఆంక్ష. 'అడ్మినిస్ట్రేటర్ ఆపినారు' అని తెరపై కనిపించినచో, అది పరికరంలోని లోపం కాక సంస్థ తీసుకున్న నిర్ణయమే కావచ్చును. దానిని దొడ్డిదారిన దాటుట విద్యార్థికి తగదు. ప్రయోగశాల బాధ్యులను అడుగుటే మార్గం.

ఇక, ప్రోగ్రాము నమ్మదగినదని నిర్ణయించుట ఎట్లు? మూడు ప్రశ్నలు వేసుకోవాలి. తయారీదారు నుండి నేరుగా వచ్చినదా? 'ప్రాపర్టీస్'లోని 'డిజిటల్ సిగ్నేచర్స్' పుటలో సంతకం సరిగా ఉన్నదా? తయారీదారు ఎస్‌హెచ్‌ఏ-256 ముద్రను ప్రకటించి ఉంటే, పవర్‌షెల్‌లో 'గెట్-ఫైల్‌హాష్' ఆజ్ఞతో మనకు వచ్చేది దానితో అక్షరాలా సరిపోయినదా? మిత్రుని పెన్‌డ్రైవులో వచ్చిన తాళం తీసిన ప్రతి ఈ పరీక్షకు నిలువదు. ప్రోగ్రాము పేరు మనకు పరిచితమైనంత మాత్రాన ఆ ప్రతి కూడ పరిచితమైనది కాదు.

ప్రోగ్రాము అసలైనదే అయినా జాగ్రత్త అవసరమని ఉర్దూ పాఠకులకు బాగుగా తెలిసిన ఇన్‌పేజ్ చరిత్ర చెబుతున్నది. ఆ ప్రోగ్రాములోని ఒక లోపాన్ని ఆసరా చేసుకొని, కపట పత్రాల ద్వారా ఆసియాలోని కొన్ని బ్యాంకులపై దాడులు జరిగినట్లు కాస్పర్‌స్కీ పరిశోధకులు 2016 నవంబరులో వెల్లడించారు. 2018లో మైక్రోసాఫ్ట్ వివరించిన మరొక దాడిలో కపట ఇన్‌పేజ్ పత్రంతో పాటు పాతబడిన వీఎల్‌సీ ప్లేయరు కూడ సాధనమైనది. నమ్మిన ప్రోగ్రాములే, కాని లోపలికి వచ్చిన పత్రం నమ్మదగినది కాదు. అందుచేత ఒక ప్రోగ్రాముకు అనుమతి ఇచ్చిన పిదప కూడ తక్కిన రక్షణలు మేలుకొని ఉండాలి. ప్రోగ్రామును ఎప్పటికప్పుడు తాజాపరచాలి. ఫోల్డరు మొత్తాన్ని యాంటీవైరస్ పరీక్ష నుండి మినహాయించుట ప్రమాదకరం. రేపు ఆ ఫోల్డరులో చేరే ఫైళ్లను గూడ ఆ పరీక్ష విడిచిపెడుతుంది.

కళాశాల కంప్యూటరులో ఉన్నవి అక్షరాలు మాత్రమే కావు. విద్యార్థుల మార్కులు, ఉపకారవేతన దరఖాస్తులు, ఆదాయ ధ్రువపత్రాలు అందులోనే ఉన్నవి. అవి పోయినచో నష్టపడేది పేద విద్యార్థియే. కనుక పాలక వర్గానికి మా మనవి ఇది: దైనందిన పనికి సామాన్య ఖాతాను, ప్రోగ్రాములు ఎక్కించుటకు వేరొక నిర్వాహక ఖాతాను ఉంచవలెను. ఏ ప్రోగ్రాముకు, ఏ తేదీన, ఎవరు, ఏ కారణముచే అనుమతి ఇచ్చినారో ఒక రిజిస్టరులో వ్రాయించవలెను. ముఖ్యమైన ఫైళ్ల ప్రతిని కంప్యూటరుకు వెలుపల భద్రపరచవలెను. వీటిలో మొదటి రెండింటికి పైకము అవసరం లేదు. మూడవదానికి ఒక చిన్న డిస్కు చాలును.